అప్‌డేట్: అప్పు తీరాక పొదుపు, అదనపు ఆదాయం

పర్సనల్ లోన్ తీరింది, ఆ ఈఎంఐ డబ్బు ఖర్చయిపోకుండా ఏం చేయాలి, సాయంత్రాలు ఏ పని దొరుకుతుంది అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసింది రికరింగ్ డిపాజిట్ సలహా. జీతం పడిన మర్నాడే పాత ఈఎంఐ మొత్తం దాంట్లోకి వెళ్లిపోతోంది. చేతిలో లేని డబ్బు గురించి ఆలోచనే రావడం లేదు. కూరగాయలు సరూర్‌నగర్ రైతుబజార్‌లో కొంటున్నాం. అదనపు ఆదాయానికి మా కాలనీలోనే పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ మొదలుపెట్టాను. డేటా ఎంట్రీ పని ఇస్తామని ముందే ఫీజు అడిగేవాళ్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. క్రెడిట్ కార్డు మార్చుకోమన్న సలహా నాకు అవసరం పడలేదు.

ముఖ్యమైంది తెలిసిన ఆడిటర్ గారు చెప్పారు: క్రెడిట్ రిపోర్ట్ (మన అప్పులు, వాటి చెల్లింపుల రికార్డు) చూడమని. తీరిన లోన్ అందులో ఇంకా నడుస్తున్నట్టే ఉంది! చాలా టెన్షన్ పడ్డాను. బాకీ ఏమీ లేదని తెలిపే నో డ్యూస్ లెటర్ జతచేసి ఆన్‌లైన్‌లో కంప్లయింట్ పెడితే సరిచేశారు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇలాంటివి 30 రోజుల్లో పరిష్కరించాలి, దాటితే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలి. పూర్తి రిపోర్ట్ ఏడాదికోసారి ఉచితంగానే వస్తుంది.