ఉస్మానియా పైన పెట్టాలా, గాంధీ పైన పెట్టాలా? వెబ్ ఆప్షన్స్‌కి రేపు సాయంత్రం వరకే టైమ్

దిల్‌సుఖ్‌నగర్_పిల్ల:

నమస్తే అన్నలూ అక్కలూ. నీట్‌లో నాకు ర్యాంకు బానే వచ్చింది, పోయినేడు కటాఫ్‌లు ముందర పెట్టుకుని చూస్తే ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీలు రెండిట్లో వెబ్ ఆప్షన్స్ లిస్టులో ఏది పైన పెడితే అదే వచ్చేటట్టుంది, ఇప్పుడు అదే తలనొప్పి అయి కూర్చుంది. ర్యాంకు ఇంకొంచెం వెనక్కి పోయుంటే ఏదొస్తే దాంట్లో నోరు మూసుకుని జాయినయ్యేదాన్ని.

మా ఇంట్లో రెండు పార్టీలు. నాన్నది ఉస్మానియా పార్టీ. మా నానమ్మకి ఎప్పుడో ఆపరేషన్ అక్కడే అయ్యింది, అప్పట్నుంచి మా ఇంట్లో దవాఖాన అంటే అదొక్కటే. పైగా మేముండేది దిల్‌సుఖ్‌నగర్, మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ మెడికల్ కాలేజీ, హాయిగా ఇంట్లో తిని ఇంట్లో పడుకుని చదువుకో అంటున్నారు. మా మామయ్యది గాంధీ పార్టీ, అన్నీ ఒక్కచోటే ఉంటాయి, ఆడపిల్ల ఊరంతా తిరగక్కర్లేదు అంటారు. అమ్మకి కాలేజీతో పని లేదు, హాస్టల్ తిండి తిని చిక్కిపోతావ్ అన్నదొక్కటే ఆవిడ పాయింటు. నిజానికి గాంధీకి కూడా ఇంటి నుంచే పోవచ్చు, ఎంజీబీఎస్ స్టేషన్‌లో మెట్రో మారాలి అంతే, కానీ రోజూ మారుకుంటూ పోవడం కష్టం అని హాస్టల్ అడగొచ్చు కదా అని...

ఇంకో డౌట్. ఉస్మానియా దవాఖాన పాత బిల్డింగ్ మూసేశారు కదా, మరి క్లినికల్స్ (వార్డుల్లో పేషెంట్లని చూసి నేర్చుకునేది) ఎట్లా? అక్కడ చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నైట్‌డ్యూటీ_దిగిన:

చెల్లే, నేను ఉస్మానియాల హౌస్ సర్జన్, అంటే చివరి ఏడాది దవాఖానల డ్యూటీ చేసేటోన్ని. డ్యూటీ దిగి టైప్ చేస్తున్న, తప్పులుంటే ఏమనుకోకు.

ముందుగాల, యూనివర్సిటీ ఒకటే, కాళోజీ. పరీక్ష పేపర్ అదే. ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు, అక్కడా అంతే ఇక్కడా అంతే. సీట్లు చెరి 250. స్టైపెండ్ గూడ ఒకటే, 2025ల 15 శాతం పెంచినంక హౌస్ సర్జన్లకు నెలకు 29,792. కాయితం మీద ఎంత ఎతికినా తేడా దొరకదు, తేడా అంతా నీ కాళ్లకు తెలుస్తది.

ఎట్లంటే ఉస్మానియా అంటే ఒక్క దవాఖాన కాదు. క్లాసులు కోఠిల. మెడిసిన్, సర్జరీ అఫ్జల్‌గంజ్‌ల, గౌలిగూడ మీదికెళ్లి నడిచి పోవచ్చు. పిల్లల పోస్టింగ్ నీలోఫర్. కాన్పులు పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్. కండ్లు మెహదీపట్నం సరోజినీదేవి, చెవి ముక్కు గొంతు కోఠి ఈఎన్‌టీ, సైకియాట్రీ ఎర్రగడ్డ. నీ అదృష్టం బాగుండి నీలోఫర్ దగ్గరి లక్డీకాపూల్ స్టేషన్, ఎర్రగడ్డ స్టేషన్ రెండూ నీ రెడ్ లైన్ మీదనే ఉన్నయి. సరోజినీదేవికి బస్సే దిక్కు. పేట్లబుర్జుకు మూసీ దాటాలె, నలుగురం కలిసి ఆటో మాట్లాడుకుంటం, ఒకడు లేటుగ లేస్తే నలుగురికీ అటెండెన్స్ పోతది.

మీ మామయ్య దీన్నే తిరుగుడు అంటున్నడు. నేనైతే ఇదే లాభమంట. ఆ దవాఖానలు ఒక్కో పనికే పెట్టినయి, అక్కడికి వచ్చేదంతా అదే కేసు. పేట్లబుర్జుల నా మొదటి నైట్ యాదికున్నది, ఒక బిడ్డను తుడిచి తల్లికి చూపిచ్చేలోపు పక్క టేబుల్ మీద ఇంకో ఏడుపు, గ్లవ్స్ మార్చుకుంట కిటికీ దిక్కు చూస్తే తెల్లారింది. పొద్దుగాల రిజిస్టర్ల నా రాత చూసి సిస్టరమ్మ "ఇదేం భాష బాబూ" అన్నది.

భాష అంటే గుర్తొచ్చింది, అఫ్జల్‌గంజ్ ఓపీల ఉర్దూ రాకుంటే కష్టం, పాతబస్తీ వాళ్లే గాదు బీదర్, గుల్బర్గా దిక్కు నుంచి గూడ వస్తరు. సెకండియర్ల ఒక పెద్దమనిషి "ఘబ్రాహట్ హోరా" అన్నడు, నేను భయంగ ఉందట అని రాసుకున్న. సార్ ఆ కాయితం చూసి నన్ను చూసి, ముందు ఈసీజీ తీయిపో అన్నడు. గుండె దడకు గూడ అదే మాట, ఆయాసానికి గూడ అదే మాట అని ఆ దినం తెలిసింది. దిల్‌సుఖ్‌నగర్ పిల్లవు కదా, నీకు కొంచెమన్న వస్తుండాలె.

పాత బిల్డింగ్ సంగతి: 2020 జూలైల వానలకు వార్డులల్లకు నీళ్లొచ్చినంక ఖాళీ చేసిన్రు. మిగతా బ్లాకులల్ల దవాఖాన నడుస్తనే ఉన్నది, పేషెంట్లకు కరువేం రాలే. గోషామహల్‌ల కొత్తదానికి 2025 జనవరి 31న శంకుస్థాపన అయింది, 2000 పడకలు అంటున్నరు. దాన్ని చూసుకొని మాత్రం ఆప్షన్ పెట్టకు, బిల్డింగ్ అయినప్పుడు అయితది, నీ ఐదున్నరేండ్లు దానికోసం ఆగవు.

ఒక్కసారొచ్చి చూసి పో. 1908ల మూసీ వరదలొచ్చినప్పుడు నూటాయాభై మంది దాకా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఇంకా ఉన్నది లోపల.

గాంధీ_ఫైనల్_పార్ట్‌వన్:

పైన బ్రో చెప్పిందంతా కరెక్టే, కానీ ఒకటి వదిలేశాడు (కావాలనే వదిలేసుంటాడు లెండి, ఉస్మానియా కదా). పేషెంట్‌ని రెండోసారి చూడటం.

మాకు కాలేజీ, దవాఖాన ఒకే కాంపౌండ్. క్లాస్ అవ్వగానే నడుచుకుంటూ వార్డుకి పోతాం. పొద్దున చూసిన పేషెంట్‌ని లంచ్ తర్వాత ఇంకోసారి చూస్తాం, మర్నాడూ చూస్తాం. పోయిన వానాకాలం నాకో డెంగీ కేసు ఇచ్చారు, మా వయసు అబ్బాయే, జనగామ దగ్గర ఊరు. రోజూ ప్లేట్‌లెట్స్ ఎంతొచ్చాయా అని పరిగెత్తి చూసేదాన్ని, మూడోరోజు బాగా పడిపోయినయ్, ఆ రాత్రి నాకసలు నిద్ర పట్టలేదు, నాలుగోరోజు వెళ్తే మంచం మీద కూర్చుని వాళ్లమ్మతో దెబ్బలాడుతున్నాడు ఇడ్లీ వద్దు పూరీ కావాలని. జ్వరం తగ్గాకే అసలు డేంజర్ మొదలవుతుందని పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో, ఆ నాలుగు రోజుల తర్వాత మళ్లీ చదవక్కర్లేకపోయింది. దవాఖాన ఇంకో మూల ఉంటే మా పోస్టింగ్ టైమ్ అవ్వగానే బస్సెక్కి వచ్చేసేదాన్ని కదా.

గైనిక్, పీడియాట్రిక్స్ కూడా మాకు ఇక్కడే. 2023లో తల్లీపిల్లల కోసం 200 పడకల బ్లాక్ ప్రత్యేకంగా వచ్చింది. మెట్రో స్టేషన్ పేరే గాంధీ హాస్పిటల్. జాగ్రత్త, రెడ్ లైన్‌లో గాంధీ భవన్ అని ఇంకోటుంది, అది నాంపల్లి పక్కన. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అక్కడ దిగుతారు 😄

కోఠి_బండికాడ:

ఉస్మానియా. ఎందుకంటే గోకుల్ చాట్ నడిచిపోయేంత దూరం. ఇంకేం కావాలి.

బషీర్‌బాగ్_బ్యాచ్:

ఈ థ్రెడ్ చూస్తే నవ్వొస్తోంది తల్లీ. నేను గాంధీయే, 80ల నాటి బ్యాచ్. ఇప్పుడు గాంధీ అంటే అన్నీ ఒక్కచోట అంటున్నారే, మా కాలంలో కాలేజీ బషీర్‌బాగ్‌లో, హాస్పిటలేమో సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర. పొద్దున్నే ఏప్రాన్ మడత పెట్టి చంకలో దోపుకుని, స్టెతస్కోప్ ఎవడి మోచెయ్యో తగిలి విరిగిపోకుండా జేబులో కుక్కుకుని, సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ టాంక్‌బండ్ మీదుగా పోయేవాళ్లం. అప్పుడు మాకు ఉస్మానియా వాళ్లని చూస్తే కుళ్లు, కోఠి నుంచి అఫ్జల్‌గంజ్‌కి నడుచుకుంటూ పోతారు, వీళ్లదేం సుఖం రా అని. 2003లో రెండూ కలిపి ముషీరాబాద్‌లో పాత జైలు ఉన్న స్థలంలోకి వచ్చాయి, ఇప్పుడు వాళ్లు తిరుగుతున్నారు, మా వాళ్లు కూర్చున్నారు. కాబట్టి బిల్డింగులూ దూరాలూ చూసి కాలేజీ గొప్పదనం కొలవద్దు, ఆ రెండూ మా కళ్లముందే తారుమారయ్యాయి.

మీ నాన్నగారికి పాతదంటే గౌరవం అనుకుంటా. ఆ లెక్కన మేము ఉస్మానియాకి సరితూగం, ఒప్పుకుంటాను. అది 1846లో స్కూలుగా మొదలైంది, మాది 1954. ఆపరేషన్‌కి మత్తిచ్చే క్లోరోఫాం గుండెని ఆపుతుందా, ఊపిరినా అని లండన్‌లో కొట్టుకుంటుంటే 1888, 89లలో ఆ స్కూలు ప్రిన్సిపాల్ లారీ దొర ఇక్కడ హైదరాబాద్‌లో కమిషన్లు పెట్టి ప్రయోగాలు చేయించాడు. ఊపిరినే అని ఆయన తేల్చింది తర్వాత నిలబడలేదనుకోండి, గుండెకీ ప్రమాదమేనని తేలింది, అది వేరే సంగతి. ఆ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీ ఆ రోజుల్లోనే మత్తు డాక్టరుగా పనిచేసింది. ఆడపిల్ల ఊరంతా తిరగకూడదనే మీ మామయ్యకి ఆవిడ గురించి చెప్పు ఒకసారి.

ఒక్క ఛత్రం కింద అన్నీ ఉండటంలో ఒక ఇబ్బంది కూడా ఉంది, అది మా వాళ్లెవరూ చెప్పరు. 2020లో గాంధీ మొత్తాన్ని కోవిడ్‌కే ఇచ్చేశారు. మిగతా జబ్బులవాళ్లంతా ఉస్మానియాకీ వేరే చోట్లకీ పోయారు. అప్పుడు క్లినికల్స్‌లో ఉన్న పిల్లలకి కోవిడ్ తప్ప ఇంకో పేషెంట్ లేడు. అలాంటిది రోజూ రాదనుకో.

పీజీ_రెండో_అటెంప్ట్:

నీ పోస్ట్ రెండుసార్లు చదివాను చెల్లీ. కాలేజీల గురించి అడిగింది ఒక్క ముక్క, అదీ బిల్డింగ్ గురించి. మిగతాదంతా ఇల్లు, హాస్టల్, మెట్రో మారడం. చుక్కలు పెట్టి ఆపేసిన వాక్యంలోనే ఉంది అసలు ప్రశ్న. నీకు ఇంట్లో ఉండి చదవాలని లేదు, అంతేనా?

అందులో తప్పేం లేదు. నేను ఫస్టియర్ ఇంటి నుంచే వెళ్లాను (ఏ కాలేజీనో చెప్పను, ఈ రెండిట్లో ఒకటి కూడా కాదు). చుట్టాలొస్తే మనమే టీ పెట్టాలి, తమ్ముడికి మనమే లెక్కలు చెప్పాలి, రేపు అనాటమీ వైవా ఉందంటే "డాక్టరమ్మ కదా, నీకన్నీ వచ్చు" అంటారు. ఎముకల సెట్ మంచం మీద పెట్టుకుంటే మా అమ్మమ్మ ఆ గదిలోకి రావడం మానేసింది. సెకండియర్‌కి హాస్టల్‌కి మారాను. అక్కడ తిండి సంగతి మీ అమ్మగారు కరెక్టే, కానీ రాత్రి పదకొండింటికి డౌటొస్తే పక్క గది తలుపు కొట్టొచ్చు. హౌస్ సర్జెన్సీలో డ్యూటీలకి మెట్రో టైమింగ్స్ కుదరవు, అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచైనా ఎక్కణ్నుంచైనా ఒకటే బాధ.

ఫస్టియర్ అంతా అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, రెండు చోట్లా అదే. పీజీ సీటు నీట్ పీజీ ర్యాంకుని బట్టి, ఉస్మానియానా గాంధీనా అని అక్కడ ఎవడూ అడగడు, నన్ను అడిగితే ఆ ర్యాంకు గోల ఇంకో రోజు చెప్తా. ఇప్పుడు నువ్వు చేయాల్సింది కాలేజీని అడ్డం పెట్టుకోకుండా నాన్నతో హాస్టల్ సంగతి నేరుగా మాట్లాడటం. లేకపోతే గాంధీలో సీటొచ్చాక కూడా ఆయన "ఎంజీబీఎస్‌లో మారితే పోయేదేముంది" అంటారు, అప్పుడేం చేస్తావ్?

దిల్‌సుఖ్‌నగర్_పిల్ల:

పీజీ అక్కా, దొరికిపోయా 🙈

అప్‌డేట్. ఇవాళ నాన్నా నేనూ రెండూ చూసొచ్చాం. ముందు అఫ్జల్‌గంజ్. చింతచెట్టు చూశాను, చాలా పెద్దది, దాని కింద ఎవరిదో టిఫిన్ బాక్సు, ఎవరో నిద్రపోతున్నారు. నాన్న మాత్రం చెట్టు దగ్గర ఆగలేదు, పాత బిల్డింగ్ వైపు వెళ్లి ఆ గుమ్మటాలు చూస్తూ నిలబడిపోయారు. నానమ్మని ఏ వార్డులో పెట్టారో చూపిద్దామనుకున్నారట, ఇంట్లో చెప్పలేదు నాకు. కాసేపటికి "నేను చెప్పిన దవాఖాన ఇదేనమ్మా, ఇదిప్పుడు ఖాళీ" అన్నారు. ఇంకేం అనలేదు. ఓపీ వైపు జనం మాత్రం అబ్బో.

తర్వాత గాంధీకి బయల్దేరి, గాంధీ అక్క చెప్పింది గుర్తుండి కూడా, నాన్న టికెట్ తీసుకుంటే చూసుకోలేదు, గాంధీ భవన్‌లో దిగాం 😭 వెనక్కొచ్చి ఎంజీబీఎస్‌లో మారాం. మారేటప్పుడు ఆ మెట్లూ ఎస్కలేటర్లూ ఎక్కి నాన్నే అన్నారు, "రోజూ ఇది నీ వల్ల కాదులే, హాస్టల్ ఉంటుందేమో అడుగుదాం." నేను ఒక్క మాట కూడా అనలేదు, ప్రామిస్.

గాంధీ పైన పెడుతున్నా, ఉస్మానియా రెండోది. నాలుగు రోజులు ఒకే పేషెంట్ వెనకాల తిరగడం అన్నది నాకు బాగా ఎక్కింది. మామయ్య తనే గెలిచాననుకుంటున్నారు, పోనీలే.

నైట్‌డ్యూటీ_దిగిన:

పోయి పోయి దుష్మన్ల క్యాంపుల చేరుతున్నవ్, సరే తియ్. ఆప్షన్స్ సేవ్ చేసినంక ఫ్రీజ్ చేసి ప్రింట్ తీసుకో. సెకండ్ రౌండ్‌ల పైన పెట్టిన ఆప్షన్ వస్తే మొదటి సీటు దానంతట అదే పోతది, గందుకే నిజంగ పోవాలనుకున్నదే పైన పెట్టు, ఊకెనే ట్రై చేద్దామని పెట్టకు.

దిల్‌సుఖ్‌నగర్_పిల్ల:

ఫ్రీజ్ చేసేశా అన్నా, ప్రింట్ కూడా తీసుకున్నా. ఏప్రాన్ ఫుల్ హ్యాండ్స్ కొనాలా, హాఫా?

గాంధీ_ఫైనల్_పార్ట్‌వన్:

అప్పుడే కొనకు, అలాట్‌మెంట్ లిస్ట్ రానీ. జాయినయ్యాక సీనియర్స్‌ని అడుగు. ఏదైనా రెండు తీసుకో, డిసెక్షన్‌కి వేసుకున్నది మీ అమ్మగారు ఇంట్లో వాషింగ్ మెషిన్‌లో వేయనివ్వరు.