అప్‌డేట్: రెండు డాలర్ల ఫైవ్ శాటిన్స్ రికార్డ్, నా ఇంటర్నెట్ రేడియో ప్లాన్

పోయిన నెల అడిగింది నేనే, ఇక్కడ న్యూజెర్సీ గరాజ్ సేల్‌లో రెండు డాలర్లకి దొరికిన ఫైవ్ శాటిన్స్ (1950ల అమెరికన్ పాటల గ్రూప్) 45, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డ్, ఒరిజినలేనా, ఇలాంటి డూ-వాప్ (గొంతులు కలిపి కోరస్‌తో పాడే పాత తరహా) పాటలతో చిన్న ఇంటర్నెట్ రేడియో పెట్టొచ్చా అని.

ఒరిజినల్ కాదండీ. దీని మీదున్న ‘ఇన్ ద స్టిల్ ఆఫ్ ద నైట్’ పాట 1956లో న్యూ హేవెన్ ఊళ్లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో రికార్డ్ చేసి ముందు ఒక బుల్లి రికార్డ్ కంపెనీ పేరు మీద వేశారు, ఎంబర్ అనే కంపెనీ తర్వాత తీసుకుంది. నాది ఎంబరే, పైగా మధ్యలో అంటించిన కాగితం లేబుల్ మీద మండే దుంగల బొమ్మ, అంటే ఇంకా తర్వాత అచ్చేసిన కాపీ. ఫోన్ టార్చ్ వేసి లేబుల్ చుట్టూ ఖాళీ జాగాలో గీసిన నంబర్ చదవడానికి అరగంట కూర్చున్నా, మా ఆవిడ బంగారం ఏమన్నా దొరికిందా అంది. చిటపటలున్నా వెనక కోరస్ మొదలయ్యేసరికి రెండు డాలర్లూ గిట్టుబాటు.

రేడియో సంగతే తలనొప్పి. పాత రికార్డింగ్‌లు వేస్తే రాయల్టీ (హక్కుదారులకి కట్టే డబ్బు) ఉండదనుకున్నా, 2018లో ఇక్కడొచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ యాక్ట్ అనే చట్టంతో 1972కి ముందువాటికీ కట్టాలంట, 1956 రికార్డింగ్‌కైతే 2066 చివరిదాకా. ఇంటర్నెట్ రేడియోలో మూడు గంటల్లో ఒకే గ్రూప్‌వి నాలుగు పాటలు దాటకూడదు, ఇంకో డూ-వాప్ గ్రూప్ ఓరియోల్స్ పాటలతోనే చేద్దామనుకున్న స్పెషల్ గోవిందా! ఎఫ్ఎం వాళ్లకేమో ఇక్కడ ఈ రికార్డింగ్ రాయల్టీయే లేదు, ఇదెక్కడి న్యాయమో. చిన్న స్టేషన్లకున్న తక్కువ రేటు కూడా 2015తో పోయింది, చాలామంది మూసేసుకున్నారు.

అందుకే లైసెన్స్ కలిపి నెలకింత తీసుకునే ప్లాట్‌ఫామ్‌లో చేరిపోయా. ఆదివారం రాత్రి మొదటి షో, దుంగల రికార్డే ముందు వేస్తా.