బోరింగ్ చేయించినా ఆయిల్ తాగుతోంది, మళ్లీ విప్పాలా?

పాత పెట్రోల్ వ్యాన్‌కి ఇంజిన్ బోరింగ్ (అరిగిన సిలిండర్ల లోపలి గోడలు కోయించి సాపు చేయించడం) చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించాం. పొగ పెద్దగా లేదు గానీ ఆయిల్ లెవెల్ పడిపోతోంది, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ చేరుతోంది, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ పైకి తన్నుకొస్తోంది. మెకానిక్ ఇంజిన్ దించాలంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

— అప్పుడే దించకండన్నా. ముందు పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే గ్యాస్‌ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది) చూడండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా దాన్ని టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) నుంచి పీకి వేలు అడ్డం పెడితే గట్టిగా లాగాలి, లాగకపోతే వాల్వో పైపో మూసుకుపోయినట్టే, లోపలి గ్యాస్‌కి వేరే దారి లేక ఆయిల్‌ని మోసుకుంటూ ఫిల్టర్ వైపు వస్తుంది. ఊపితే టిక్‌టిక్‌మంటే మంచిదే అంటారు గానీ నేను నమ్మను, స్ప్రింగ్ సడలినా చప్పుడొస్తుంది.

— టాపెట్ కవర్ లోపలి బాఫిల్ ప్లేటు (ఆయిల్ తుంపర్లని ఆపే రేకు) తిరిగి బిగించారా? అది లేకపోతే వాల్వ్ కొత్తదైనా ఆయిల్ పీల్చేస్తుంది.

— ఇవన్నీ బాగుంటే గేజీ పెట్టి కంప్రెషన్ (సిలిండర్‌లో వచ్చే ఒత్తిడి) చూడండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే రీడింగ్ బాగా పెరిగిందంటే రింగుల మీదే అనుమానం. రాత్రంతా ఆపి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగితే మాత్రం వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాడల పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపేవి) పోయినట్టు. ఇంతకీ రన్నింగ్-ఇన్ (కొత్త రింగులు కుదురుకునేలా మొదట్లో బండి నడపడం) ఎలా చేశారు? గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేస్తే బోరు నున్నబడి రింగులు గోడకి సరిగ్గా కూర్చోవు, ఇంజిన్ మీద లోడ్ పడాలి.