ఏరేటర్, షవర్, ఫ్లష్ ట్యాంక్: దేంతో నిజంగా నీళ్ళు మిగిలాయి?

వానచినుకు: ఇంట్లో ఐదుగురం. నీళ్ళ వాడకం తగ్గించాలని గట్టిగా అనుకున్నాం. కుళాయిలకు ఏరేటర్లు (మూతికి బిగించే చిన్న జాలీలు) పెట్టడమా, షవర్ మార్చడమా, ఫ్లష్ ట్యాంక్ మార్చడమా తేలడం లేదు. అన్నీ ఒకేసారి చేయలేం. పెట్టుకున్నవాళ్ళు మీకు ఏది కలిసొచ్చిందో, ఏది పనికిరాలేదో చెప్పండి.

బకెట్‌లెక్క: ఏదైనా కొనేముందు కొలవండి. లీటరు సీసా కుళాయి కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 6 సెకన్లలో నిండితే నిమిషానికి 10 లీటర్లు పోతున్నట్టు. మా వంటింటి సింకులో 5 సెకన్లకే నిండేది, అంటే 12 లీటర్లు. ఏరేటర్ బిగించాక 12 సెకన్లు పడుతోంది, అంటే 5 లీటర్లు. ధారలో గాలి కలుస్తుంది కాబట్టి చేతులు కడుక్కున్నా, గిన్నెలు తోమినా తక్కువైనట్టు అనిపించదు. అయితే బకెట్ నింపే కుళాయికి మాత్రం పెట్టకండి. బకెట్‌కి పట్టే నీళ్ళు ఎలాగూ పడతాయి, నిండేదాకా నిలబడటమే మిగులుతుంది. నేను పెట్టి, వారానికే తీసేశాను.

పైపులపని: కొలతలు చూసి కొనండి. మామూలుగా కుళాయి మూతికి మరలు లోపలుంటే 24 మి.మీ., బయటుంటే 22 మి.మీ. సైజు సరిపోతుంది. పాత కుళాయిలకు అసలు మరలే ఉండవు, వాటికి కుదరదు. ఉప్పునీళ్ళయితే కొన్నాళ్ళకు జాలీలో తెల్లగా పేరుకుని ధార పక్కకు చిమ్ముతుంది. విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దితే పోతుంది. పాడైపోయిందని పారేయకండి.

నిదానం: వానచినుకు గారూ, నన్నడిగితే ముందు ఫ్లష్ ట్యాంక్ మూత తీసి చూడమంటాను. ట్యాంకులో కాస్త తినే రంగు కలిపి, పావుగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. ఈలోగా కమోడ్‌లోకి రంగు దిగిందంటే అడుగున రబ్బరు మూత సరిగా కూర్చోవడం లేదన్నమాట. మా ఇంట్లో అలా ఎన్ని నెలలు కారిందో! చప్పుడు లేదు, తడి లేదు, ఎవరికీ తెలియలేదు. తెలిశాక చాలా బాధేసింది. ఆ చిన్న రబ్బరు ముక్క మార్చగానే ఆగిపోయింది.

బకెట్‌లెక్క: ట్యాంకులో ఇటుక వేస్తే సరిపోతుందంటారు కదా, ఎవరైనా వేశారా?

నిదానం: ఇటుక వద్దండీ. నాని పొడి రాలుతుంది, ఆ పొడి వాల్వులో చేరి మళ్ళీ లీకే. నీళ్ళు నింపి మూత బిగించిన సీసా పెట్టొచ్చు, ఫ్లోట్‌కి (నీళ్ళతో పాటు పైకి లేచే బుడ్డికి) తగలకుండా చూసుకోవాలి.

పైపులపని: అది కూడా కమోడ్‌ని బట్టే. పాత కమోడ్లు 10 లీటర్లు, అంతకన్నా ఎక్కువ నీటికి తయారైనవి. ట్యాంకులో నీళ్ళు తగ్గిస్తే ఒక్కసారికి శుభ్రం కాదు, రెండోసారి నొక్కుతారు, ఉన్న ఆదా పోతుంది. మార్చేట్టయితే కమోడ్, ట్యాంకు కలిపి మార్చండి. రెండు బటన్ల ట్యాంకులు 1980లో ఆస్ట్రేలియాలో మొదలయ్యాయి. ఇప్పుడొచ్చేవాటిలో ఎక్కువ భాగం పెద్ద బటన్‌కి 6 లీటర్లు, చిన్నదానికి 3 లీటర్లు వాడతాయి. ఏ బటన్ దేనికో ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు చూపించండి.

తొలిజల్లు: షవర్ గురించి నా అనుభవం. తక్కువ నీటి షవర్ పెట్టాక గ్యాస్ గీజర్ వెలగడం మానేసింది. గీజర్ పాడైందనుకుని మెకానిక్‌ని పిలిస్తే, లోపలికి వచ్చే నీటి వేగం కనీసం ఇంత ఉంటేనే అది అంటుకుంటుందని చెప్పాడు. షవర్ కొనేముందు మీ గీజర్ పుస్తకంలో ఆ అంకె చూసుకోండి. పైట్యాంకు తక్కువ ఎత్తులో ఉన్నవాళ్ళకు ఆ షవర్‌లోంచి చుక్కలే రాలతాయి, వాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

వానచినుకు: అందరికీ కృతజ్ఞతలు. ఇవాళే రెండు బాత్రూముల్లోనూ రంగు వేసి చూశాను. ఒకదాంట్లో పది నిమిషాలు కాకముందే కమోడ్‌లో ఎర్రగా దిగింది. దానికి వచ్చే గొట్టం వాల్వు కట్టేశాను, రేపు రబ్బరు మూత మారుస్తాం. వంటింటి కుళాయికి మరలు లోపలే ఉన్నాయి, 24 సైజు తెస్తాను. షవర్ సంగతి గీజర్ పుస్తకం దొరికాక.

నిదానం: పాత మూత పారేయకుండా కొలతకు వెంట తీసుకెళ్ళండి, అవి రకరకాల సైజుల్లో ఉంటాయి.