వసాబి: ఒంటికి నిజంగా ఏం మేలు? ఇంట్లో ఎలా వాడుతున్నారు?

మణికొండ_మాధవి

అందరికీ నమస్కారం. మా తమ్ముడు జపాన్‌లోని ఒసాకా నుంచి వస్తూ వసాబి ట్యూబులు తెచ్చిచ్చాడు. ముక్కుకెక్కే ఘాటుండే ఒక దుంప ముద్దట అది. మేం శాకాహారులం, దాంతో తినే సుషీ (పచ్చి చేప పెట్టిన అన్నం ముద్దలు) గట్రా తినం. ఈలోగా అమ్మకి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, వసాబి తింటే మతిమరుపు పోతుందని, కేన్సర్ దగ్గరికి రాదని. రోజూ పొద్దున్నే ఒక చెంచా తింటానని కూర్చుంది. ఆవిడకి ఎసిడిటీ ఉంది. రోజూ తినొచ్చా? చేపల్లేకుండా దేంట్లో బాగుంటుంది? వాడేవాళ్లు చెప్పరూ.

డల్లాస్_బాబాయ్

మాధవమ్మా, ముందు ట్యూబు వెనక ఏం రాసుందో మీ తమ్ముడి చేత చదివించు. ఇక్కడ అమెరికాలో మామూలు సుషీ హోటళ్లలో పచ్చటి ముద్ద పెడతారే, అందులో చాలావరకు వసాబి ఉండదు. హార్స్‌రాడిష్ అని ఒక తెల్ల దుంపవేరు, ఆవపిండి, పచ్చరంగు, అంతే. తినడానికి అదీ బాగానే ఉంటుంది, మేం బంగాళదుంప ఉడకబెట్టి మెదిపి వెన్నతో పాటు కాస్త కలుపుకుంటాం. కానీ వసాబి గురించి చెప్పే మేళ్లన్నీ దానికీ ఉంటాయనుకోకండి. ఇంట్లో ఎవరికైనా ఆవాలు పడకపోతే ఇది అస్సలు ముట్టుకోవద్దు.

షిజువోకా_తెలుగోడు

బాబాయ్ గారు చెప్పింది నిజం. జపాన్ ట్యూబుల మీద రెండు రకాల మాటలుంటాయి. ‘హోన్ వసాబి షియో’ అని ఉంటే అందులో వాడిన వసాబిలో సగం, అంతకంటే ఎక్కువ అసలుది. ‘హోన్ వసాబి ఇరి’ అంటే సగం లోపే. మిగతాది హార్స్‌రాడిష్. మాధవి గారూ, మీ తమ్ముడిని ఈ ముక్క చూడమనండి.

నేను పదేళ్ల పైనుంచి జపాన్‌లోని షిజువోకాలో ఉంటున్నా కాబట్టి అసలు వసాబి గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఇది పండే తీరు ఒక్కసారి చూస్తే ట్యూబు తినాలనిపించదు. ఈ జిల్లా కొండల్లో ఉతోగి అనే ఊరుంది, దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట సాగు మొదలైంది అక్కడేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఇజు ద్వీపకల్పంలో, అమగి కొండల కింద మడులు మెట్లు మెట్లుగా ఉంటాయి. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద చిన్నవి, పైన కంకర, ఇసుక. కొండ ఊట నీళ్లు రాత్రీ పగలూ ఆ ఇసుక మీంచి, రాళ్ల మధ్య నుంచి పారుతూనే ఉంటాయి. నీళ్లు చల్లగా, కదులుతూ ఉండాలి. ఎండ నేరుగా తగలకూడదు, వేసవిలో నల్ల వలలు కప్పుతారు. మొక్క విడిచే ఘాటు పదార్థం దాని ఎదుగుదలనే అడ్డుకుంటుందట. పారే నీళ్లు దాన్ని కడిగేస్తాయి, అందుకే వాగులో పెరిగిన దుంప పెద్దదవుతుంది. కోతకి రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. ఈ షిజువోకా వసాబి సాగుని 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది. ధర ఎందుకంత అని అడిగేవాళ్లకి నేను ఈ మడులే చూపిస్తాను.

వాడటం ఇలా: దుంప కడిగి, ఆకు కాడలు కోసేసి, బుడిపెలు గీకేయాలి. ఆకులున్న వైపు నుంచే తురమాలి. ఇక్కడ సొరచేప చర్మం అతికించిన చెక్క పలక వాడతారు, దాని మీద గుండ్రంగా, నెమ్మదిగా తిప్పుతూ అరగదీస్తే వెన్నలాంటి ముద్ద వస్తుంది. పలక లేకపోతే అల్లం తురిమే సన్నకోరు చాలు. అప్పుడొచ్చే వాసన ట్యూబులో ఏ కోశానా ఉండదు: పచ్చి ఆకు వాసన, కాస్త తీపి, ఆ తర్వాతే ఘాటు. పావుగంట దాటితే ఆ వాసన సగం పోతుంది, అందుకే తినే ముందు తినేంతే తురుముకోవాలి.

కాకినాడ_కుర్రాడు

అన్నా, హైదరాబాద్‌లో ఒక రెస్టారెంట్లో సోయా సాస్‌లో కలుపుకుని తిన్నాను. అలాగేనా?

షిజువోకా_తెలుగోడు

చాలామంది అలాగే తింటారు తమ్ముడూ. కానీ మంచి వసాబి దొరికినప్పుడు సాస్‌లో కలపకు, వాసన చచ్చిపోతుంది. చేప ముక్క మీద కొంచెం పెట్టి, ఆ ముక్కని రెండో వైపు సోయాలో అద్దుకుని తిను. చల్లటి సోబా నూడుల్స్‌కీ అంతే. శాకాహారులకి ఒక హెచ్చరిక: సోబాతో ఇచ్చే ‘త్సుయు’ రసంలో మామూలుగా ఎండు చేప ఉంటుంది, అడిగి తినండి. ఇంట్లో అయితే చల్లటి టోఫు (సోయా పనీర్) మీద సోయా చుక్కలు, వసాబి, సన్నగా తరిగిన ఉల్లికాడలు వేసుకోండి. మా ఆవిడ శాకాహారి, ఎండాకాలమంతా మా ఇంట్లో అదే.

బెజవాడ_న్యూట్రిషన్

డైటీషియన్‌గా పనిచేస్తున్నాను, అమ్మగారి సంగతికి వస్తాను.

ఆ మెసేజ్‌లో మతిమరుపు ముక్క గాల్లోంచి పుట్టింది కాదు. జపాన్‌లో తోహోకు విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. 60 నుంచి 80 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులు 72 మందిని తీసుకుని, కొందరికి వసాబిలోని ‘6-ఎంఎస్ఐటీసీ’ అనే పదార్థం 0.8 మిల్లీగ్రాములు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర, 12 వారాల పాటు రాత్రిపూట ఇచ్చారు. మొదటివారిలో జరిగిన విషయాలు గుర్తుంచుకోవడం, అప్పటికప్పుడు మనసులో పెట్టుకుని పని చేయడం మెరుగుపడ్డాయి. ఆలోచనా వేగంలో తేడా రాలేదు. మంచి కబురే. కానీ అది కొద్దిమందితో, కొన్ని వారాలు మాత్రమే చేసింది. ఇచ్చింది కొలిచిన మాత్ర. హార్స్‌రాడిష్ నిండిన ట్యూబు తింటే అదే ఫలితం వస్తుందని ఎవరూ చూపించలేదు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్ష కూడా కాదది.

కేన్సర్ మాట ప్రయోగశాలలో కణాల మీద, జంతువుల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చింది. ‘తింటే కేన్సర్ రాదు’ అని మనిషి విషయంలో చెప్పడానికి ఆధారం లేదు. ఇలాంటి మెసేజ్ నమ్మి పరీక్షలు వాయిదా వేసే వాళ్లుంటారు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఎసిడిటీ ఉన్నవాళ్లు పరగడుపున చెంచాడు వసాబి తినడం నాకు ససేమిరా ఇష్టం లేదు. చెంచా అంటే చాలా ఎక్కువ. 2019లో ఒక వైద్య పత్రికలో కేసు వచ్చింది: 60 ఏళ్ల ఆవిడ, పెళ్లి భోజనంలో వసాబిని అవకాడో ముద్ద అనుకుని ఎక్కువగా తినేసింది. ఛాతీలో నొక్కేసినట్టయి, గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడింది. తర్వాత కోలుకుంది. అరుదైన కేసే, భయపెట్టడానికి చెప్పడం లేదు. బఠాణీ గింజంత, భోజనంతో కలిపి, కడుపు మంట లేని రోజున తింటే చాలు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే వసాబి మాత్రల జోలికి డాక్టర్‌ని అడగకుండా వెళ్లొద్దు.

కాకినాడ_కుర్రాడు

మేడమ్, జలుబు చేస్తే మాత్రం ముక్కు భలే తెరుచుకుంటుంది. అది నా అనుభవం.

బెజవాడ_న్యూట్రిషన్

తెరుచుకున్నట్టు అనిపించడం నిజమే బాబూ. పరికరంతో కొలిచి చూసినప్పుడు మాత్రం ముక్కు దారి కాస్త ఇరుకవడమే కనిపించింది. హాయిగా అనిపిస్తే తిను, మందనుకోకు. ఇంకొకటి, పచ్చి చేపల్లో క్రిముల్ని వసాబి చంపేస్తుందని చాలామంది ధైర్యం. కొన్ని బాక్టీరియాని అణిచే గుణం దానికుంది, జపాన్‌లో లంచ్ బాక్సుల్లో ఆ సారం పట్టించిన పలచటి షీట్లు కూడా పెడతారు. కానీ చేపల్లో ఉండే అనిసాకిస్ అనే పురుగు మనం తినేంత వసాబికి చావదు. దాన్ని చంపాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలు గడ్డకట్టించాలి, లేదా బాగా ఉడికించాలి.

రాజమండ్రి_వంటిల్లు

అమ్మాయీ మాధవీ, నాకు వసాబి కొత్త, మా కోడలు తెచ్చాకే తెలిసింది. నోట్లో పెట్టుకోగానే ‘ఇది మన ఆవ కదే!’ అన్నాను. పండుమిర్చి కారం నాలుక మీద కూర్చుని మండుతూనే ఉంటుంది. ఇది ముక్కులోకి జివ్వున ఎక్కి, గబుక్కున దిగిపోతుంది. పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైతే అచ్చం ఇంతే.

మా కోడలు కెమిస్ట్రీ చదివింది, వివరంగా చెప్పింది. వసాబి, ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ అన్నీ ఒకే కుటుంబమట. ఆవాల్లోనూ వసాబిలోనూ ముక్కుకెక్కే ఘాటు ఒకటే, అల్లైల్ ఐసోథయోసయనేట్. అది ముందే తయారుగా ఉండదు. గింజ నలిగి, తడి తగిలినప్పుడు లోపలి ఎంజైము పనిచేసి అప్పటికప్పుడు పుడుతుంది. మరిగే వేడిలో ఆ ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటేమో ఆవిరై పోతుంది. మా అత్తగారు ‘పొయ్యి మీద ఆవ పెట్టకు, దించి చల్లారాకే కలుపు’ అని ఎందుకు కసిరేవారో అప్పుడు తెలిసింది. పులిహోరకీ అంతే, అన్నం ఆరాకే ఆవముద్ద. వసాబికీ ఇదే పద్ధతి పాటించండి.

నేను చేసేది కీరదోస పెరుగుపచ్చడి. కమ్మటి గట్టి పెరుగు ఒక గిన్నెడు చిలికి, శనగగింజంత వసాబి ముందు ఒక చెంచా పెరుగులో ఉండలు లేకుండా మెదిపి, తర్వాత అంతా కలపాలి. కీరా సన్నగా తరిగి, ఉప్పు రాసి, నీళ్లు పిండి వేయాలి. తాలింపు పెడితే అది పూర్తిగా చల్లారాక కలపాలి. ఆవాలు తాలింపులో వేయకండి, జీలకర్ర, కరివేపాకు చాలు. ట్యూబులో ఉప్పుంటుంది, చూసి వేసుకోండి.

డల్లాస్_బాబాయ్

అక్కయ్యగారూ, ఇక్కడ ఒకాయన మునగ వేరు తురిమితే వసాబిలా ఉంటుందని మా గ్రూపులో పెట్టాడు. నిజమేనా?

బెజవాడ_న్యూట్రిషన్

ఘాటు నిజమే. బ్రిటిష్ వాళ్లు మన దేశంలో హార్స్‌రాడిష్ దొరక్క మునగ వేరు వాడుకున్నారు, అందుకే ఇంగ్లీషులో మునగకి హార్స్‌రాడిష్ చెట్టనే పేరు. కానీ ఆ వేరులో, బెరడులో హాని చేసే ఆల్కలాయిడ్లు ఉంటాయి. గర్భిణులకైతే అసలు పనికిరాదు. మునగాకు, కాయలు, పూలు తినండి, వేరు వదిలేయండి.

మణికొండ_మాధవి

అందరికీ చాలా చాలా థాంక్స్. ట్యూబు మీద ‘హోన్ వసాబి ఇరి’ అనే ఉందట. బెజవాడ మేడమ్ రాసింది అమ్మకి చదివి వినిపించాను, చెంచా లెక్క మానేసింది. ఈ మధ్యాహ్నం పిన్నిగారి పెరుగుపచ్చడి చేశాను. అమ్మ ఒక ముద్ద తిని, ముక్కు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, ‘ఇంకొంచెం వెయ్యి’ అంది. మూత తీసిన ట్యూబు ఎన్నాళ్లు ఉంటుంది? తమ్ముడు మళ్లీ వెళ్తే అసలు దుంప తెమ్మంటాను, దాన్నెలా దాచాలి?

షిజువోకా_తెలుగోడు

ట్యూబుని మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తీశాక నెలల తరబడి పాడవకపోవచ్చు గాని ఘాటు తగ్గిపోతుంది, త్వరగా వాడేయండి. దుంప తీసుకొస్తే తడి కాగితం చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజులకోసారి కాగితం మార్చాలి. తురిమిన చోట నల్లబడితే పలచగా కోసేసి మళ్లీ తురుముకోండి. విత్తనాలు, మొక్కలు, దుంపలు దేశంలోకి తేవడానికి నిబంధనలున్నాయి, ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడకుండా తమ్ముడిని ముందే కనుక్కోమనండి. అది కుదరకపోతే ‘వసాబి జుకే’ సీసాలు దొరుకుతాయి, తరిగిన కాడలు, దుంప ముక్కలు సాకే (జపాన్ బియ్యపు మద్యం) పిప్పిలో ఊరేసిన పచ్చడి. షిజువోకా స్టేషన్లో ఎక్కడైనా ఉంటుంది, వేడి అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. సాకే పిప్పి కాబట్టి అందులో కొద్దిగా మద్యం ఉంటుంది, అమ్మగారికి ముందే చెప్పి పెట్టండి.