సొంత మెయిల్ సర్వర్‌లో స్పామ్ ఆగాలి, కొత్త కొనుగోలుదారుల మెయిళ్లు మాత్రం పోకూడదు

ప్రశ్న (కడప)

మాది నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్. అద్దె సర్వర్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపి, అందుకొనేది), డవ్‌కాట్ (మెయిల్‌బాక్స్‌లు చూసేది), ఆర్‌స్పామ్‌డీ (ప్రతి మెయిల్‌కు స్పామ్ స్కోరు వేసేది) పెట్టుకొని మా మెయిల్‌ను మేమే నడుపుకొంటున్నాం. కొంతకాలంగా నకిలీ ఇన్‌వాయిస్‌లు, మెయిల్‌బాక్స్ నిండిందంటూ పాస్‌వర్డ్ అడిగే సందేశాలు నేరుగా ఇన్‌బాక్స్‌లోకే వస్తున్నాయి. మెయిల్‌ను స్పామ్‌గా లెక్కించే స్కోరు హద్దు తగ్గిస్తే, రాళ్ల ధర అడుగుతూ విదేశాల నుంచి మొదటిసారి రాసేవారి మెయిళ్లు కూడా జంక్‌లో పడుతున్నాయి. మాకు వ్యాపారం వచ్చేదే అటువంటి అపరిచితుల నుంచి. స్పామ్ పంపే చిరునామాల బ్లాక్‌లిస్టుగా స్పామ్‌హాస్ సంస్థవారి జెన్, దాన్ని అడిగి జవాబు తెచ్చే డీఎన్‌ఎస్ రిజాల్వర్‌గా గూగుల్ అందరికీ ఇచ్చే 8.8.8.8 వాడుతున్నాం. ఎక్కడ సరిచేయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (అనంతపురం)

స్కోరు హద్దును మొదట ఉన్నచోటికే తిప్పేయండి. చిక్కు 8.8.8.8 దగ్గర ఉన్నట్లుంది. పబ్లిక్ రిజాల్వర్ వెనుక నుంచి ఎవరు ఎన్నిసార్లు అడుగుతున్నారో తెలియదు గనుక స్పామ్‌హాస్ ఆ దారిన వచ్చే ప్రశ్నలకు అసలు సమాచారం ఇవ్వకుండా 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్‌ను పంపుతుంది. అంటే బ్లాక్‌లిస్టు పెట్టి ఉన్నా పనిచేయదు. పోస్ట్‌ఫిక్స్‌లోనే తనిఖీ పెట్టుకొని, ఏ కోడ్‌లను లెక్కలోకి తీసుకోవాలో చెప్పనివారికి ఇంకా ప్రమాదం: ఆ ఎర్రర్‌నే దోషిగా తేల్చిన జవాబనుకొని సర్వర్ మంచి మెయిల్‌ను కూడా తిప్పికొడుతుంది.

అదే సర్వర్ మీద అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ పెట్టి, దానిని మరో రిజాల్వర్‌కు ఫార్వర్డ్ చేయకుండా రూట్ సర్వర్ల (డీఎన్‌ఎస్ వెతుకులాట మొదలయ్యే చోటు) నుంచి స్వయంగా వెతికేలా ఉంచండి. ఆ తరువాత 127.0.0.2 అనే పరీక్ష చిరునామాను జెన్‌లో వెతికించినప్పుడు జవాబుల్లో 127.0.0.2 కనిపిస్తే దారి తెరుచుకున్నట్లే. వ్యాపార వినియోగానికి స్పామ్‌హాస్ షరతులు వేరుగా ఉంటాయి, అవి కూడా చదవండి.

జవాబు (కర్నూలు)

పై సలహా సరైనదే. దానికి తోడు బేయిస్ (నేర్పిన మెయిళ్లలోని మాటలను బట్టి స్పామా కాదా అని అంచనా వేసే పద్ధతి) శిక్షణ తప్పనిసరి. ఆర్‌స్పామ్‌డీలో మామూలుగా స్పామ్ 200, మంచి మెయిళ్లు 200 నేర్పేదాకా బేయిస్ తీర్పు చెప్పదు. చాలామంది స్పామ్ ఒక్కటే నేర్పి వదిలేస్తారు. మీకైతే పాత విదేశీ ఎంక్వయిరీలే అసలైన పాఠం, వాటిని ముందుగా నేర్పండి. అనుమానం ఉన్న మెయిల్‌ను మళ్లీ పంపమని తిప్పే గ్రేలిస్టింగ్‌కు భయపడనక్కర లేదు. స్కోరు 4 దాటిన మెయిల్‌నే అది కాసేపు ఆపుతుంది, నిజమైన సర్వర్ మళ్లీ పంపుతుంది. బాగా ఎక్కువ స్కోరు వచ్చినదాన్ని చప్పుడు లేకుండా చెరిపేయకుండా, అందుకొనే దశలోనే తిరస్కరించండి. పొరపాటున మంచి మెయిల్ ఆగినా, పంపినవారికి ఆ సంగతి తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు (కడప)

అన్‌బౌండ్ పెట్టాక 127.0.0.2 జవాబు వచ్చింది. ఇద్దరికీ కృతజ్ఞతలు. మా గుమాస్తా స్పామ్‌ను ఫోన్‌లో డిలీట్ చేస్తుంటారు. అది శిక్షణ కిందికి వస్తుందా?

జవాబు (కర్నూలు)

రాదండీ. డవ్‌కాట్‌లో ఐమాప్ సీవ్ (మెయిల్‌ను ఫోల్డర్ మార్చినప్పుడు చెప్పిన పని చేసేది) అమర్చి, జంక్ ఫోల్డర్‌లోకి జరిపినప్పుడు స్పామ్‌గా, అందులోంచి బయటికి తీసినప్పుడు మంచి మెయిల్‌గా నేర్చుకొనేలా చేయాలి. జంక్ నుంచి ట్రాష్‌కు వెళ్లేవాటిని మాత్రం మినహాయించండి. లేకపోతే ఆయన జంక్ ఖాళీ చేసిన ప్రతిసారీ ఆ స్పామంతా మంచి మెయిల్‌గా నమోదవుతుంది.