విదేశాల నుంచి వచ్చే వీల్‌చైర్లు పిల్లలకు సరిపోతాయా?

ప్రశ్న:
మా మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) ఒక విదేశీ సంస్థ వీల్‌చైర్లు పంపుతానంటోంది. ఫొటోల్లో అన్నీ ఒకే సైజులా ఉన్నాయి. ఒప్పుకునే ముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు 1:
ముందు మీరే కొలతలు పంపండి. పిల్లల్ని గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి కొలవాలి. తుంటి వెడల్పు ఎంతో సీటు వెడల్పూ అంతే. ‘పెరుగుతాడు కదా’ అని పెద్దది తీసుకుంటే ఒక పక్కకు ఒరిగిపోతాడు, చక్రాలు చేతికందవు. సీటు లోతుకి, పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి 3–6 సెం.మీ. తగ్గించండి. లోతు ఎక్కువైతే ముందుకు జారి గూనిగా కూర్చుంటారు.

జవాబు 2:
సీటు మీద వేసే దిండు సంగతి మరవకండి. స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక సరిగా మూసుకోని లోపం) ఉన్న పిల్లల్లో చాలామందికి పిరుదుల దగ్గర స్పర్శ ఉండదు, పుండు పడినా తెలియదు. కూర్చోబెట్టాక దిండుకీ పిరుదు ఎముకకీ మధ్య అరచేయి పైకి ఉండేలా వేళ్లు పెట్టి చూడండి. వేలి కొసలు 5 మి.మీ. అయినా పైకీ కిందకీ కదలాలి. నొక్కుకుపోతే ఆ దిండు పనికిరాదు.

జవాబు 3:
ముందు వైపు చక్రాలు చిన్నవీ సన్నవీ అయితే మట్టిరోడ్డులో దిగబడతాయి. ట్యూబులు మన సైకిల్ షాపుల్లో దొరికే సైజేనా అని అడగండి. కుర్చీతో పాటు అమర్చడం, నేర్పించడం, మళ్లీ వచ్చి చూడడం కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 మార్గదర్శకాల్లోనే ఉంది. అవి ఎవరు చేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.